తోలు నడిమి తెల్లగీత

మా మామ పోయినాడని నాకు సెప్పింది ఎమ్మిగనూరు బస్సు కండక్టరు. ఆదోనిలో బస్సులు నిలిచే కాడ నేను ఒక రైతుతో సెప్పుల జత బేరమాడుతాండాను. కండక్టరు బస్సు మెట్టు మీదినుంచే అరిసినాడు.

"ఒరేయ్, మీ మామ తెల్లారేటప్పుడు పోయినాడంట. మీ అన్న కబురు పంపినాడు. బిర్న ఎక్కు."

నేను నవ్వినాను. ఆ కండక్టరును నేను పదేండ్లుగా ఏడిపిస్తాండాను. ఒకసారి ఆయప్ప టికెట్ల సంచిలో తొండను గూడా ఏసినాను. ఈ పొద్దు బదులు తీర్సుకుంటాండాడులే అనుకుంటి.

"మా మామ అంత జల్దీగా ఏ పనీ సేయడు పో. సావాలన్నా ఇంగా ఇరవై ఏండ్లు ఆలోశన సేస్తాడు," అన్నాను.

కండక్టరు నవ్వలేదు. బస్సులో ఎవురూ నవ్వలేదు. ఆ రైతు సెప్పులు నా సంకలో పెట్టి, "పోప్పా, పో," అన్నాడు. అప్పుడు తెలిసింది నాకు.

మీరు నన్ను మన్నించల్ల. నాకు ఏడుపు రాలేదు. కోపమొచ్చింది. బస్సులో పద్దెనిమిది మైళ్ళూ పండ్లు కొరుక్కుంటానే పోయినాను. తొమ్మిదేండ్ల కింద ఈ మనిషి నన్ను ఒక మాట మీద నిలబెట్టినాడు. "నేను సెప్పినప్పుడు," అన్నాడు. సెప్పకుండానే పోయినాడు. ఇంగ నాకు ఎవురు సెప్తారు?

ఆయప్ప నా పెండ్లాము నాయన. మా పేట చర్చి సంఘానికి పెద్ద. నేను ఇల్లరికం వచ్చినోణ్ణి కాబట్టి ఇరవైరెండు ఏండ్లు ఆయన ఇంట్లోనే తిన్నాను, ఆయన కాడనే పని నేర్సుకున్నాను. తోలు ఊరబెట్టేది మా పని. ఆదోని బయట వంక నీళ్ళ పక్కన మా గుంతలుండాయి. మామను మీలో శానామంది ఎరుగుదురు. పొడుగు మనిషి, తెల్ల తలగుడ్డ, వేళ్ళు మాత్రం తంగేటి రసానికి ఎర్రగా మాగి ఉండేవి. ఆ ఎరుపు ఎన్నిసార్లు కడిగినా పోదు. చర్చిలో ప్రభువు బల్ల మీది రొట్టె అందుకునేటప్పుడు ఆ ఎర్ర వేళ్ళే ముందు కనబడేవి అని మా ఆడోళ్ళు సెప్తారు. తొమ్మిదేండ్లుగా నేను సూడలేదు. ఎందుకు సూడలేదో సెప్తాను.

ముందు ఆయన నిదానం సంగతి సెప్పల్ల. ఆ నిదానంతో ఏగింది నేను గదా.

మామ జొన్నసంగటి ముద్ద తినేలోపల నేను తిని, సెయ్యి కడుక్కుని, బీడీ తాగి, ఇంగొకరితో కొట్లాడి వచ్చేవాణ్ణి. తినేముందు ప్రార్థన సేస్తాడా, ఒక మాట అని, ఆగి, ఇంగొక మాట అని, ఆగి. సంగటి సల్లారి రాయైపోయేది. ఆయన ఆగినప్పుడల్లా నేను గట్టిగా "ఆమెన్" అనేవాణ్ణి. పిల్లోళ్ళు కిసుక్కుమని నవ్వేవాళ్ళు. మామ కండ్లు తెరిసేవాడు కాదు. ఆ ఆమెన్ పక్కన పెట్టి మళ్ళీ యాడ ఆపినాడో ఆడినుంచే మొదలుపెట్టేవాడు. ఒకపొద్దు నేను నాలుగు ఆమెన్లు సెప్పినాను. ఐదోది ఆయన సెప్పినాడు. కండ్లు తెరిసి, "నీ ఆకలి పెద్దది అల్లుడా, తిను," అన్నాడు. అంతే. తిట్టుంటే బాగుండు.

ఇంగొకటి. ఎవురన్నా మాట్లాడుతాంటే ఆయన మధ్యలో దూరడు. తల ఒక పక్కకు వంచి కూసుంటాడు. అవతలోడు మాట ఎతుక్కుంటాంటే మనం అందిస్తాము గదా, "అదేనా, ఇదేనా" అని. మామ అందీడు. అవతలోనికే దొరికేదాకా కూసుంటాడు. నాకు అది సూస్తే బేజారు. నాకు ఎవుని మాటైనా సగంలోనే తెలిసిపోతాది. మిగతా సగం నేనే సెప్పేస్తాను, దానికి ఒక ఎగతాళి గూడా తగిలిస్తాను. మూడో క్లాసులో బడి మానింది గూడా అట్లనే. అయ్యవారు సెప్పబోయే మాట ఆయప్ప గొంతుతోనే నేను ముందు సెప్పేసినాను. ఆయప్ప బెత్తం ఇరిగింది, నా సదువు గూడా ఆడికే ఇరిగింది.

తోలు పని గురించి రెండు మాటలు సెప్తాను, తెలియనోళ్ళకు. ఎనుము తోలును సున్నం నీళ్ళలో నానబెట్టి, బొచ్చు గీకి, కడిగి, తంగేటి చెక్క దంచిన రసంలో ఊరబెడతాము. పది దినాలకే పైన ఎర్రబడతాది. సూస్తే అయిపోయినట్లే ఉంటాది. అయ్యుండదు. లోపల ఇంగా పచ్చిదే. అయిందా లేదా అని తెలుసుకునేకి ఒకటే దారి. అంచు కాడ కత్తితో కోసి, కోసిన పక్క సూడల్ల. పైనా కిందా ఎరుపు, నడిమిన తెల్లగీత కనబడితే రసం ఇంగా అంటలేదని లెక్క. మళ్ళీ గుంతలో ఏయాల్సిందే. కొన్ని తోళ్ళకు నలభై దినాలు పడతాది, కొన్నిటికి రెండు నెలలు, కొన్ని మొండి తోళ్ళకు ఎంతో ఎవురూ సెప్పలేరు. మామ కోసి, ఆ గీత సూసి, ఏమీ అనకుండా మళ్ళీ ముంచేవాడు. ఆయన మొగంలో ఇసుగు నేను ఒక్కసారి గూడా సూడలేదు. ఆ ఇసుగంతా నేనే పడినాను, ఇద్దరికీ కలిపి.

ఇంగ అసలు సంగతి.

మామకు ఇద్దరు కూతుర్లు. పెద్దబిడ్డ మొగుణ్ణి, అంటే నా తోడల్లుణ్ణి, నేను అన్నా అంటాను. శానా మంచోడు. నత్తి. మాట మొదట్లోనే పట్టుకుంటాది, మెడ నరాలు లేస్తాయి, కండ్లు మూసుకుంటాడు. మాట రాదు. అందుకే ఆయన మాట్లాడేదే తక్కువ. తోలు కుట్టేదాంట్లో మాత్రం ఆయన సేతికి మించింది మా పేటలో లేదు.

అప్పుడు అన్నా వాళ్ళు గూడా ఆదోనిలోనే ఉండ్రి. మామ ఆ అన్న కోసం ఒక పని పెట్టుకున్నాడు. కోతపండగ నాడు చర్చిలో అందరూ లేసి సాక్ష్యం సెప్తారు గదా, అన్న ఒక్కడు ఎప్పుడూ లేసేవాడు కాదు. "నువ్వు గూడా సెప్పల్ల అప్పా. ఒక్క మాట సాలు," అన్నాడు మామ. మూడు నెలలు, పొద్దు వాలినాక, గుంతల కాడ ఇద్దరూ కూసునేవాళ్ళు. ఒకటే మాట. "నన్ను ఈడిదాకా తెచ్చింది దేవుని కృప." అంతే. ఆ ఆకరి మాట కాడ అన్నకు పట్టుకునేది. మామ తల వంచి కూసునేవాడు. వంకలో కప్పలు అరుస్తాండేవి. ఎంతసేపటికో ఆ మాట వచ్చేది. "వచ్చింది గదా," అనేవాడు మామ. "ఇంగొకసారి."

నేను తోళ్ళు తిప్పుకుంటా ఇదంతా ఇన్నాను. నవ్వొచ్చేది.

యుద్ధం మొదలైన ఏడు. కోతపండగ. చర్చి నిండా జొన్నకంకులు, గుమ్మడికాయలు కట్టినారు. పాస్టరు అయ్యగారు ఆదోనికి నెలకొకసారి బల్ల ఇచ్చేకి వచ్చేవాడు, ఆ పొద్దు వచ్చినాడు. అన్న లేసి నిలబడినాడు. తెల్ల సొక్కా, తలకు నూనె. అందరూ సద్దు సేయకుండా సూస్తాండారు. "న... నన్ను ఈడిదాకా తె... తెచ్చింది దే... దేవుని..." అని ఆగినాడు. "క్... క్... క్..."

ఎనక బెంచీలో నేనుండాను.

"కొక్కొరొకో!"

నా నోట్లోనుంచి అది ఎట్ల వచ్చిందో నాకు తెలియదు అని తొమ్మిదేండ్లు సెప్పినాను. ఇప్పుడు అబద్ధం సెప్పను. తెలుసు. నాలిక మీద సిద్ధంగా పెట్టుకునే కూసున్నాను. కోడి గొంతు నాకు బాగా వస్తాది. చర్చి చర్చంతా నవ్వింది. ముసిలోళ్ళు నవ్వినారు, సంకలో పిల్లోళ్ళు నవ్వినారు, అయ్యగారు గూడా పుస్తకం అడ్డం పెట్టుకున్నాడు. అన్న కొంచెంసేపు అట్లనే నోరు తెరుసుకుని నిలబడినాడు. మెల్లగా కూసున్నాడు. ఆ నెలలోనే పెండ్లాన్ని తీసుకుని ఎమ్మిగనూరుకు పోయినాడు. ఆ పొద్దునుంచి చర్చిలో ఆయన నోరు తెరవలేదు. పాటకు గూడా.

ఆ మధ్యాహ్నం ఇంటికొచ్చినాక మామ తిడతాడని సూసినాను. కొడతాడేమో అని గూడా సూసినాను. ఆయన సంగటి తిని, సెయ్యి కడుక్కుని, గుడ్డకు తుడుసుకుని అన్నాడు.

"కోడి కూస్తే బయటికి పోయి ఏడ్సినాయన బైబిల్లో ఒకాయన ఉండె. నువ్వు నవ్వినావు అల్లుడా."

"అందరూ నవ్విరి గదా మామా. నేనొక్కణ్ణేనా?"

"అందరికీ నువ్వు నేర్పినావు."

సాయంత్రం సంఘం కూసుంది. అయ్యగారు అడిగినాడు, "ఏం సేద్దాం పెద్దాయనా, తమాషాకు సేసినాడు, ఒక నెల బల్ల ఆపుదామా?" మామ ఆలోశన సేసి అన్నాడు, "ఆపండి. నెలా రెండు నెలలా అని వద్దు. నేను సెప్పినప్పుడు."

అదీ సంగతి. ఆ పొద్దునుంచి బల్ల ఉన్న ఆదివారం, ప్రసంగం కాంగనే నేను లేసి బయటికి రావల్ల. ఇంటి పెద్ద లోపల, పెండ్లాము లోపల, నేను బయట సెప్పుల కాడ. సెప్పులు కుట్టేవాణ్ణి సెప్పులకు కాపలా పెట్టినారు. ఈ ఎగతాళి నా మీద నేనే సేసుకుని అందరినీ నవ్వించినాను. లోపల మాత్రం కాలుతాండె.

మొదట్లో నాకు ఇది పెద్ద పని అనిపించలేదు. మంచోణ్ణి కావల్ల, అంతే గదా? అయితాను. కల్లు మానేసినాను. నిజంగానే మానేసినాను. నూరు వాక్యాలు బట్టీ పట్టినాను. సంఘానికి పిడికెడు జొన్నలు తీసిపెట్టే కుండలో నేను రెండు పిడికిళ్ళు ఏసినాను. ఆరు నెలలకు మామ ముందు నిలబడినాను.

"మామా, అయిందా?"

"ఏమయింది?"

"నేను. మంచోణ్ణి అయినానా?"

మామ నన్ను పైనుంచి కిందికి సూసినాడు. "రంగు వచ్చింది," అన్నాడు.

"మరి?"

"కోసి సూడల్ల."

అంతే, మళ్ళీ గుంతల కాడికి పోయినాడు. నాకు ఎంత మండిందో మీరే అనుకోండి. ఏడాది గడిసినా అదే మాట. రెండేండ్లు గడిసినా అదే మాట. పాపం సేసిన దావీదును మన్నించేకి దేవునికి ఇన్ని దినాలు పట్టిందా, దొంగకు సిలువ మీద ఒక్క మధ్యాహ్నం సాలలేదా అని వాదం పెట్టుకున్నాను. "వాళ్ళను దేవుడు కోసినాడు. నిన్ను కోసేకి నాకు సేతకాదు," అంటాడు. ఇది ఏం జవాబు? కోసేది ఎవురు మరి? ఒకపొద్దు ఇంగ ఓర్సుకోలేక అరిసినాను.

"నేనేం సేయల్లో నోరు తెరిసి సెప్పు మామా! సేస్తాను!"

"నీకు తెలియదా?"

"తెలియదు."

"అట్లయితే ఇంగా ఊరల్ల," అన్నాడు.

యుద్ధం ముదిరినాక సిపాయిల బూట్లకు తోలు కావల్లని ఏజెంట్లు మా గుంతల కాడికే వచ్చిరి. పచ్చిదైనా సరే, జల్దీగా తీసియ్యి అనిరి. మా పేటలో శానామంది తీసిచ్చినారు. మామ ఇయ్యలేదు. "ఆ బూటు ఏసుకునేవాడు వానలో నడవల్ల," అన్నాడు. ఇంట్లో రేషన్ జొన్నలు సాలక నా పిల్లోళ్ళు ఏడుస్తాంటే, ఈ మనిషి తోలు అంచు కోసి సూసుకుంటా కూసున్నాడు. నాకు ఈ లోకంలో నిదానం అనే గుణం మీదనే అసయ్యం పుట్టింది. దేవుడు గూడా మా మామ మాదిరే ఉంటాడేమో అని భయమేసింది.

ఆ భయంలోనే ఒక పని సేసినాను. ఆలూరు దారిలో ఒక రెడ్డికి కపిలె బాన కావల్లె. బాయిలోనుంచి ఎద్దులతో నీళ్ళు లాగే తోలు బాన. పైరు ఎండిపోతాంది, బిర్న కావల్లని మనిషి మీద మనిషిని పంపుతాండాడు. మామ ఎమ్మిగనూరుకు పోయినాడు. పదైదు దినాలకొకసారి శనివారం ఆయన పెద్దబిడ్డ ఇంటికి పోయేవాడు, సోమవారం వచ్చేవాడు. గుంతలో తోలు సూసినాను. ఎర్రగా, కమ్మగా వాసన. కోయకుండానే తీసినాను. బాన కుట్టిచ్చి పంపినాను. మామ వచ్చినాక, "సూడు, నువ్వు లేకుంటే పనులు ఎట్ల జరుగుతాయో," అని మీసం తిప్పినాను.

ఆ బాన ఇరవై దినాలు పని సేసింది. నీళ్ళతో నిండి పైకి వస్తా వస్తా బాయి నడిమిన సినిగింది. లాగుతాండే ఎద్దులు ఒక్కసారి బరువు తప్పి మోకాళ్ళ మీద పడినాయి. రెడ్డి మనిషి ఆ సినిగిన తోలు తెచ్చి మా వాకిట్లో పారేసినాడు, నోటికొచ్చినట్ల తిట్టినాడు. మామ సేతులు జోడించి నిలబడినాడు. తప్పు ఎవురిదో సెప్పలేదు. కొత్త బాన ఊరకే కుట్టిస్తామన్నాడు. వాడు పోయినాక ఆ సినిగిన ముక్క నా సేతిలో పెట్టినాడు. కుళ్ళిన నడిమి భాగం ఏలితో రాసి సూపించినాడు.

"పైన నీ పని బాగుంది. కుళ్ళు నడిమినుంచి వచ్చింది," అన్నాడు. "ఎద్దులకు దెబ్బలు తగల్లేదు గదా?"

ఆయనకు ఎద్దుల దిగులు. నేను ఆ ముక్కను వంకలోకి ఇసిరినాను.

మొన్న ఆ ఆకరి శనివారం గూడా అట్లనే పోయినాడు ఎమ్మిగనూరుకు. పోయేముందు గుంతలో ఒక ముదురు ఎనుము తోలు ఏసిన సంగతి సెప్పి, "నేనొచ్చేదాకా తీయొద్దు," అన్నాడు.

"నువ్వెప్పుడొస్తావు?"

"వస్తాలే."

ఆ "వస్తాలే" నాకు మిగిల్చిపోయినాడు.

ఎమ్మిగనూరులో అన్న ఇంటి గడప తొమ్మిదేండ్లలో మొదటిసారి తొక్కినాను. అన్న నన్ను సూసి తల ఊపినాడు, పక్కకు జరిగి దోవ ఇచ్చినాడు. మామ సాప మీద పండుకోనుండాడు. వేళ్ళు ఎర్రగానే ఉండాయి. పొద్దున లేసి నీళ్ళు అడిగి, అవి తెచ్చేలోపల పోయినాడంట. సావు ఒక్కటే ఆయప్ప జల్దీగా సేసిన పని.

మన్ను ఏసేముందు అయ్యగారు అడిగినాడు, "పెద్దాయన గురించి ఎవురన్నా రెండు మాటలు సెప్తారా?" అందరూ నా తట్టు సూసినారు. మాటకారి నేనే గదా. నోరు తెరిసినాను. ఏమీ రాలేదు. నా ఎదురుగా గుంత అవతల అన్న నిలబడుండాడు. ఆయప్ప మెడ నరాలు లేసినాయి, కండ్లు మూసుకున్నాడు, ఏదో సెప్పబోయినాడు. నా తట్టు ఒకసారి సూసినాడు. నోరు మూసుకున్నాడు. నేను ఎనక బెంచీలో లేను, ఎదురుగానే ఉండాను, అయినా మూసుకున్నాడు. ఒక్క మాట లేకుండా మా మామను మన్నులో పెట్టినాము. మా సంఘంలో ఎవురి గొంతుకైనా తల వంచి ఇన్న మనిషికి ఒక్క గొంతు లేదు.

సావుకు ఎనక బస్సులో వచ్చిన నా పెండ్లాము తిరిగి పోయేటప్పుడు ముందర ఆడోళ్ళ కాడ కూసుంటే, అయ్యగారు ఆదోనిదాకా నా పక్కన కూసున్నాడు. దోవలో నా భుజం మీద సెయ్యి ఏసినాడు.

"తొమ్మిదేండ్లు సాలప్పా. పెద్దాయన ఇంగ లేడు, నేనే సెప్తాండాను. వచ్చే ఆదివారం బల్ల ఉంది. రా."

సూసినారా! ఎంత సులభంగా వచ్చిందో! దీని కోసం నేను నూరు వాక్యాలు మింగినాను. ఇంటికొచ్చి పెండ్లానికి సెప్పినాను. అది ఏడ్సి ఏడ్సి వాసిన మొగంతో నన్ను సూసింది.

"పోతావా?"

"పోకుండా? అయ్యగారే పిలిసినాడు!"

"పోదువులే," అనింది. "మా నాయన ఏసిన తోలు గుంతలో ఉంది. ఇంగ ఆయన వచ్చేది లేదు. అది తీసి పో."

పొద్దున్నే పోయి తోలు పైకి లాగినాను. దినాలు మీరిపోయినాయి. రంగు బాగుంది, వాసన బాగుంది, వంచితే వంగింది. అయింది అనుకుంటి. సంకలో పెట్టుకుని రెండు అడుగులు ఏసినాను. ఏమనిపించిందో, దించి, కత్తి తీసి, అంచు కోసినాను.

నడిమిన తెల్లగీత. దారమంత. అంతకంటే సన్నం. కానీ ఉంది.

నేను ఆడనే బురదలో కూసున్నాను. నేను మానిన కల్లు, పట్టిన వాక్యాలు, ఏసిన పిడికిళ్ళు, అన్నీ నిజమే. రంగు నిజమే. అయినా తొమ్మిదేండ్లలో ఒక్క శనివారం, ఒక్క శనివారమైనా, "మామా, నేను గూడా వస్తాను ఎమ్మిగనూరుకు," అనలేదు. ఆయన ప్రతిసారీ తలగుడ్డ కట్టుకుని వాకిట్లో కొంచెంసేపు నిలబడేవాడు. నిదానం మనిషి గదా, అందుకే నిలబడతాండాడు అనుకునేవాణ్ణి. నేను సెప్పులు ఏసుకుంటానేమో అని సూస్తాండె. ఏం సేయల్లో నాకు మొదటి దినం నుంచి తెలుసు. తెలియదని సెప్పుకుంటా తొమ్మిదేండ్లు గడిపినాను. కోసేది ఎవురు అని అడిగినాను గదా. ఆయన కత్తి నా సేతిలో పెట్టి ఊరకున్నాడు.

తోలు మళ్ళీ గుంతలో ముంచినాను. ఈ నెల బల్లకు రానని అయ్యగారికి సెప్పమని పెండ్లానికి సెప్పినాను. అది లోపలికి పోయి నా సెప్పులు తెచ్చి వాకిట్లో పెట్టింది.

ఎమ్మిగనూరులో బస్సు దిగి పోయేసరికి అన్న అరుగు మీద కూసుని సెప్పులు కుడతాండాడు. నేను ఎదురుగా నిలబడినాను. బస్సులో దోవ పొడుగునా తయారు సేసుకున్న మాటలన్నీ పోయినాయి.

"అన్నా. ఆ పొద్దు కోడి కూసింది నేను. కావాలనే కూసినాను. తప్పు సేసినాను అన్నా."

"తె... తెలుసు," అన్నాడు అన్న. ఇంగా రెండు కుట్లు ఏసినాడు. తల ఎత్తలేదు. నా కాళ్ళు లాగుతాండాయి. ఏదో ఒక ఎగతాళి సేసి ఈ సద్దులేని దాన్ని ఇరగ్గొట్టల్లని నాలిక దురద పెడతాంది. ఓర్సుకున్నాను.

"కూ... కూసో," అన్నాడు. కూసున్నాను. వదిన లోపలినుంచి ఒకసారి తొంగి సూసి మళ్ళీ పోయింది.

"మా... మామ వచ్చినప్పుడల్లా ఆ... ఆ మాటే సె... సెప్పిచ్చుకుంటాండె," అన్నాడు.

"తొమ్మిదేండ్లుగానా?"

తల ఊపినాడు. "మా... మామ కాడ వస్తాది. ఇం... ఇంగొకరి కాడ రాదు."

మామ మా వాకిట్లో నిలబడి పోయిన ప్రతి శనివారం ఈ అరుగు మీద ఈ మాట కోసమే కూసున్నాడని అప్పుడు తెలిసింది. ఆడ నేను, ఈడ ఈయన. రెండు గుంతల్లో రెండు తోళ్ళు. ఒకే మనిషి తిరుగుతాండె.

"నా కాడ సెప్తావా అన్నా?" అన్నాను.

అన్న నన్ను శానాసేపు సూసినాడు. నమ్మలేదు. ఎట్ల నమ్ముతాడు? ఆకరికి సేతిలోని తోలు పొడిసే ఆరెను తోల్లోకి సగం దించి, అట్లనే వదిలేసి, కండ్లు మూసుకున్నాడు.

"న... నన్ను ఈ... ఈడిదాకా తె... తెచ్చింది... దే... దేవుని..."

ఆగింది. ఆడనే ఆగింది.

"క్..."

మెడ నరాలు లేసినాయి. నుదుట సెమట పట్టింది. ఆ మాట నా పండ్ల ఎనకనే ఉంది. ఒక్క ఊపిరి వదిలితే నేను సెప్పేస్తాను, ఆయప్పకు కష్టం తప్పుతాది. తల ఒక పక్కకు వంచినాను. నాకు తెలియకుండానే వంచినాను. బజారు మూల ఆదోని బస్సు డ్రైవరు హారను కొడతాండాడు. ఆ కండక్టరు నన్ను సూసినాడు, "ఒరేయ్, వస్తావా, రావా?" అని కేకేసినాడు. నేను అన్న తట్టు నుంచి తల తిప్పలేదు. డ్రైవరు హారను ఇంగొకసారి కొట్టినాడు, రెండుసార్లు కొట్టినాడు, దుమ్ము లేపుకుంటా పోయినాడు.

"క్... క్..."

తోల్లో ఆరె నిటారుగా నిలబడుంది. అన్న పెదాలు అదురుతాండాయి. నేను కూసునే ఉండాను.